ఫైల్ సర్వర్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఏ మెషిన్ మీద వేయాలి: నా అనుభవం

మా ఆఫీస్‌లో ఫైల్ సర్వర్ ఒకటే. దాదాపు 2 టీబీ డేటా, అకౌంట్స్ ఫోల్డర్లు, డ్రాయింగులు, స్కాన్ చేసిన అగ్రిమెంట్లు, ఎప్పటెప్పటివో పాత ప్రాజెక్టులు, అన్నీ దాంట్లోనే. ఇన్నాళ్ళూ బ్యాకప్ అంటే రాత్రిపూట ఒక స్క్రిప్టు రోబోకాపీ అనే విండోస్ కాపీ కమాండ్‌తో మొత్తాన్ని ఇంకో డిస్కులోకి మిర్రర్ చేయడం, అంతే. మిర్రర్ అంటే ఇక్కడ డిలీట్ అయింది ఆ రాత్రికి అక్కడా డిలీట్ అవుతుంది, ఇక్కడ పాడైన ఫైలు పాడైనట్టే అక్కడికి పోతుంది, పోయిన వారం ఎలా ఉందో చూద్దామంటే చూడ్డానికి ఏమీ ఉండదు. సర్ పిలిచి "సరైన బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టించండి, మీరే చూస్కోండి" అన్నారు, అలా ఈ పని నా చేతికొచ్చింది.

సాఫ్ట్‌వేర్ ఏది అనేదానికంటే దాన్ని ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలి అనేదే ఎక్కువ టైమ్ తీసుకుంది. మీలో ఎవరైనా ఇదే పనిలో ఉంటే పనికొస్తుందని ఎలా తేల్చుకున్నానో వివరంగా రాస్తున్నా.

మా నెట్‌వర్క్ చూసే కుర్రాడు మొదట్లోనే "ఇందులో ఆలోచించేదేముంది అన్నా, డేటా ఏ సర్వర్లో ఉందో అక్కడే వేసేయ్" అన్నాడు. అతను చెప్పిందాంట్లో బలం ఉంది, అది ఒప్పుకోవాలి. సర్వర్ మీదే ఉంటే సాఫ్ట్‌వేర్ వీఎస్ఎస్‌ని, అంటే విండోస్‌లోని వాల్యూమ్ షాడో కాపీ సర్వీస్‌ని నేరుగా వాడుకుంటుంది. ఎవరో ఎక్సెల్ షీట్ తెరిచి పెట్టి ఇంటికెళ్ళిపోయినా, అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ తన డేటా ఫైలుని లాక్ చేసి కూర్చున్నా, వీఎస్ఎస్ ఆ క్షణానికి డిస్కు ఎలా ఉందో ఒక స్థిరమైన చిత్రం ఇస్తుంది, బ్యాకప్ దాంట్లోంచి చదువుకుంటుంది. అదే ఇంకో మెషిన్ నుంచి మామూలుగా షేర్ తెరిచి కాపీ చేస్తే లాక్ అయిన ఫైలు దగ్గర ఎర్రర్ ఇచ్చి వదిలేసి ముందుకెళ్తుంది. పైగా అలా వదిలేసేవి సరిగ్గా రోజూ వాడే ముఖ్యమైన ఫైళ్ళే అవుతాయి! ఇంకోటి, విండోస్ డిస్కుల ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ తనలో ఏ ఫైలు మారిందో ఒక జర్నల్ రాసుకుంటూ ఉంటుంది, లోపల ఉన్న ప్రోగ్రామ్ ఆ జర్నల్ చూసి మారినవి మాత్రమే ఎత్తుకోగలదు, బయటి నుంచి వచ్చేది లక్షల ఫైళ్ళ తేదీలు ఒక్కొక్కటీ చూసుకుంటూ పోవాలి. పర్మిషన్ల సంగతీ అంతే, ఎవరికి ఏ ఫోల్డర్ కనపడాలి అనేది షేర్ మీదుగా వేరే రకం ఫైల్ సిస్టమ్‌లోకి కాపీ చేస్తే చాలాసార్లు పోతుంది.

కాబట్టి సర్వర్ మీద ఏదో ఒకటి ఉండాలి, అది తేలిపోయింది. ఏది ఉండాలి అనేదే ప్రశ్న.

ఇక్కడ నాకు దారి చూపించింది ఒక చిన్న విషయం. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అని మనం ఒక్క ముక్కలో అంటాం గానీ లోపల మూడు పనులుంటాయి. డేటాని చదివేది ఒకటి, దాన్ని ఏజెంట్ అంటారు. ఎప్పుడు తీయాలి, ఏ తేదీ కాపీలో ఏముంది, ఎన్‌క్రిప్షన్ కీ ఏంటి, ఎన్ని రోజులవి ఉంచాలి అనే లెక్కలు చూసే మెదడు ఒకటి, అందులోనే క్యాటలాగ్ ఉంటుంది. చివరగా కాపీలు పడుండే డిస్కు. సెటప్ ఫైల్ డబుల్ క్లిక్ చేసి నెక్స్ట్ నెక్స్ట్ కొడుతూ పోతే చాలా వాటిల్లో మూడూ ఒకే మెషిన్ మీద పడతాయి, అందుకే ఇవి మూడు వేరువేరు అని మనకి తట్టదు. కాగితం మీద మూడు డబ్బాలు గీసి, ఒక్కోదాన్ని ఏ మెషిన్ మీద పెడితే ఏ ప్రమాదంలో ఏవి కలిసి పోతాయి అని రాసుకుంటూ వెళ్ళాక విషయం తేలిగ్గా తేలింది.

మూడూ ఫైల్ సర్వర్ మీదే ఉన్నాయనుకోండి. మదర్‌బోర్డ్ పోయింది. డేటా పోయింది సరే, అది తిరిగి తెచ్చుకోడానికే కదా బ్యాకప్, కానీ ఆ తెచ్చే ప్రోగ్రామూ క్యాటలాగూ కీ అన్నీ ఆ పోయిన డబ్బాలోనే ఉన్నాయి. అప్పుడు కొత్త మెషిన్ తేవాలి, విండోస్ వేయాలి, సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేయాలి, పాత డిస్కు తగిలించి అందులో ఏముందో మొదట్నించీ చదివించి క్యాటలాగ్ కట్టించాలి, ఆ తర్వాతే మొదటి ఫైలు బయటికొచ్చేది. ఆ టైమంతా ఆఫీస్ మొత్తం ఖాళీగా కూర్చుంటుంది. ర్యాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్, అయితే ఇంకా ఘోరం, సర్వర్ మీద అడ్మిన్ హక్కులు దొరగ్గానే అది చేసే మొదటి పనుల్లో ఒకటి విఎస్ఎస్ఆడ్మిన్ కమాండ్‌తో షాడో కాపీలన్నీ చెరిపేయడం, తగిలించి ఉన్న డిస్కులన్నిటినీ వెతికి ఎన్‌క్రిప్ట్ చేయడం. బ్యాకప్ డిస్కు కూడా దానికి ఇంకో డ్రైవ్ లెటరే.

అలాగని ఎక్కడో దూరంగా పెడితే చాలు అనుకోడానికీ లేదు. ఇది నాకు బాగా అర్థమైంది గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2017లో తమ మీద తామే దాపరికం లేకుండా రాసుకున్న రిపోర్ట్ చదివాక. 2017 జనవరి 31న వాళ్ళ ప్రధాన డేటాబేస్ పొరపాటున డిలీట్ అయింది, బ్యాకప్ కోసం చూస్తే అక్కడ ఏమీ లేదు. కారణం చూడండి, బ్యాకప్ కమాండ్ నడుస్తున్నది డేటాబేస్ సర్వర్ మీద కాదు, వేరే అప్లికేషన్ సర్వర్ మీద. ఆ మెషిన్ మీద పోస్ట్‌గ్రెస్ (వాళ్ళ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) డేటా లేకపోవడంతో గిట్‌ల్యాబ్ ప్యాకేజీ తనంతట తాను 9.2 వెర్షన్ టూల్ ఎంచుకుంది, అసలు డేటాబేసేమో 9.6, రెండూ కుదరక ప్రతిసారీ ఫెయిల్ అవుతూ వచ్చింది. ఫెయిల్ అయిందని పంపిన మెయిళ్ళకి డీమార్క్ (మెయిల్ నిజంగా ఆ పేరువాళ్ళే పంపారా అని చూసే పద్ధతి) అమర్చి లేకపోవడంతో అవి తిరస్కరణకి గురయ్యాయి, ఎవరికీ చేరలేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్ళని కాపాడింది. అంటే చదివే ముక్క డేటా పక్కన లేకపోవడమే అక్కడ దెబ్బ కొట్టింది. నేను గీసుకున్న మూడు డబ్బాల్లో మొదటిది సర్వర్ మీదే ఉండాలి అని ఇక నాకు ఎలాంటి అనుమానం లేకుండా పోయింది.

మిగతా రెండూ ఎక్కడ? ఆఫీస్‌లో ఉన్న మెషిన్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చా.

డొమైన్ కంట్రోలర్ మీద వేద్దామా అంటే వద్దనుకోడానికి ఎంతోసేపు పట్టలేదు, మొత్తం ఆఫీస్ లాగిన్‌లకి తాళంచెవులు ఉండే మెషిన్ మీద ఇంకో పెద్ద ప్రోగ్రామ్, దానికో సర్వీస్ అకౌంట్, దానికో వెబ్ పేజీ, ఇవన్నీ పెట్టడం అంటే దొంగకి కొత్త తలుపులు తెరవడమే. ఎవరైనా ఒకరి డెస్క్‌టాప్ మీద? సాయంత్రం ఆపేస్తారు, లేకపోతే స్లీప్‌లోకి పోతుంది, అప్‌డేట్ వచ్చి అర్ధరాత్రి రీస్టార్ట్ అవుతుంది. అదీ వదిలేశా.

వర్చువల్ మెషిన్ ఆలోచన కొంచెం ఊరించింది. మా ఫైల్ సర్వర్ నడిచేదే హైపర్-వి హోస్ట్ మీద, అంటే ఒకే మెషిన్ మీద చాలా వర్చువల్ మెషిన్లు నడిపే విండోస్ ఏర్పాటు మీద, అందులో ర్యామ్ మిగిలి ఉంది, ఒక చిన్న వీఎం చేసి అందులో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ పెడితే కొత్త హార్డ్‌వేర్ అక్కర్లేదు. స్క్రీన్ మీద చూస్తే రెండు వేరువేరు సర్వర్లలాగే కనిపిస్తాయి, కానీ కింద ఉన్న డిస్కులు అవే, పవర్ సప్లై అదే, డిస్కులన్నిటినీ కలిపి నడిపే రెయిడ్ కార్డు అదే. రెయిడ్ కార్డు పోతే ఇద్దరూ కలిసే పోతారు. హోస్ట్ స్థాయిలో మొత్తం వీఎంని ఇమేజ్‌గా తీసే పద్ధతి మంచిదే, అది వాడొచ్చు, కానీ ఆ పని చేయించే మెదడు అదే హోస్ట్ లోపల ఉండకూడదు అనేది నా అభిప్రాయం.

నాస్, అంటే నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల డబ్బా, దాని దగ్గర చాలాసేపు ఆగిపోయా. ఈ రోజుల్లో సినాలజీ లాంటి వాటిల్లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ నాస్ లోపలే నడుస్తుంది, మెదడూ డిస్కూ ఒకే డబ్బాలో, విండోస్ సర్వర్ మీద ఏజెంట్ ఒక్కటి వేస్తే చాలు. చిన్న ఆఫీస్‌కి ఇది నిజంగా మంచి ఏర్పాటు, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేనూ అదే చెప్తా. కానీ మా దగ్గర ఉన్న నాస్ అప్పటికే స్కానర్ ఫోల్డర్లకీ కెమెరా రికార్డింగులకీ వాడేస్తున్నారు, ఆఫీస్ లాగిన్‌లతోనే తెరుచుకునేలా డొమైన్‌లో జాయిన్ చేసి ఉంది, దాని షేర్లు అందరి కంప్యూటర్లలో మ్యాప్ అయి ఉన్నాయి. బ్యాకప్ కాపీలు ఉండే చోటుకి ఆఫీస్‌లో ప్రతి కంప్యూటర్ నుంచీ దారి ఉండటం నాకు అస్సలు నచ్చలేదు. బ్యాకప్ కోసమే విడిగా ఇంకో నాస్ ఇప్పిస్తే అదే తీసుకునేవాణ్ణి.

క్లౌడ్ సంగతి లెక్క వేస్తే తేలిపోయింది. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అనుకుంటే, ఎనిమిది బిట్లు ఒక బైట్ కాబట్టి సెకనుకి 2.5 ఎంబీ, 2 టీబీ పోవడానికి దాదాపు తొమ్మిది రోజులు ఆపకుండా. రోజువారీ మార్పులు పంపడానికి సరిపోతుంది, రెండో కాపీగా బ్రహ్మాండం, కానీ సర్వర్ పోయిన రోజు మొత్తం అక్కడినుంచే దింపుకోవాలంటే డౌన్‌లోడ్ స్పీడ్ మీదే ఆఫీస్ అంతా ఆధారపడాల్సి వస్తుంది. కాబట్టి మొదటి కాపీ లోపలే ఉండాలి.

ఇక మిగిలింది విడిగా ఒక మెషిన్. స్టోర్ రూమ్‌లో వాడకుండా ఉన్న ఒక డెస్క్‌టాప్ తీశా, ప్రాసెసర్ పాతదే అయినా బ్యాకప్‌కి సరిపోతుంది, ర్యామ్ 16 జీబీ చేయించా, పాత హార్డ్ డిస్క్ తీసేసి సిస్టమ్‌కి చిన్న ఎస్ఎస్‌డీ, కాపీలకి కొత్త డిస్కులు రెండు మిర్రర్‌లో. డిస్కులు కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకం కాకుండా సీఎంఆర్ రకం అడిగి తీసుకోండి, ఎస్ఎంఆర్ డిస్కులు గంటల తరబడి రాస్తూ పోతే మధ్యలో బాగా నెమ్మదిస్తాయి, బ్యాకప్ అంటే సరిగ్గా అలాంటి పనే.

అందులో విండోస్ వేయకుండా లైనక్స్ వేశా, డొమైన్‌లో కలపలేదు. ఎందుకంటే మెర్స్క్ కథ నా మనసులో గట్టిగా ఉండిపోయింది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ వచ్చినప్పుడు ఆ షిప్పింగ్ కంపెనీ డొమైన్ కంట్రోలర్లు ఒకదానికొకటి సింక్ అవుతూ ఉండేవి, అదే తమకి బ్యాకప్ అనుకున్నారు, అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘానాలో ఒక ఆఫీస్‌లో మాత్రం ఆ టైమ్‌కి కరెంట్ లేక సర్వర్ నెట్‌వర్క్‌లో లేదు, ఆ ఒక్కటీ బతికింది, దాన్నుంచే మొత్తం తిరిగి కట్టుకున్నారు. తర్వాత వాళ్ళ ఛైర్మనే చెప్పారు, 4,000 సర్వర్లు, 45,000 పీసీలు మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చిందని. ఒకే తాళంచెవికి తెరుచుకునేవన్నీ ఒకే రోజు పోతాయి. అందుకే బ్యాకప్ మెషిన్ పాస్‌వర్డ్ డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్‌కి సంబంధం లేనిది పెట్టా, ఆ మెషిన్ మీద ఒక్క షేర్ కూడా తెరవలేదు.

ఇక్కడ ఇంకో ముడి ఉంది, ఎవరు ఎవర్ని పిలవాలి అని. ఫైల్ సర్వరే కాపీని తీస్కెళ్ళి బ్యాకప్ మెషిన్‌లో పెట్టేలా చేస్తే, దాన్ని పుష్ అంటారు, బ్యాకప్ మెషిన్‌లోకి వెళ్ళే పాస్‌వర్డ్ సర్వర్ మీద ఉంటుంది, సర్వర్‌లోకి దూరినవాడికి అది దొరుకుతుంది. బ్యాకప్ మెషినే వచ్చి తీస్కెళ్ళేలా చేస్తే, అది పుల్, సర్వర్‌కి అవతలి పాస్‌వర్డ్ తెలియదు, కానీ బ్యాకప్ మెషిన్‌కి సర్వర్ మొత్తం చదివే హక్కు వస్తుంది, కాబట్టి ఆ మెషిన్‌ని గట్టిగా కాపాడాలి. రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ పుష్ పద్ధతిలోనే ఉన్నా కాపీలు అందుకునే దాని రెస్ట్-సర్వర్‌ని అపెండ్-ఓన్లీగా నడపొచ్చు, అంటే కొత్తవి చేర్చడమే తప్ప పాతవి చెరపడం కుదరదు, అదీ మంచి దారే. నేను మాత్రం పుల్ వైపే మొగ్గా, ఎందుకంటే అందరూ రోజంతా తాకే మెషిన్ ఫైల్ సర్వర్, ఏదైనా దూరితే దాంట్లోకే ముందు దూరుతుంది. చివరికి యూర్‌బ్యాకప్ ఎంచుకున్నా, దాని సర్వర్ భాగం లైనక్స్ మీద కూర్చుంటుంది, విండోస్ మీద చిన్న క్లయింట్ వీఎస్ఎస్ పని చేస్తుంది, సర్వరే క్లయింట్‌ని పలకరించి తీస్కెళ్తుంది, ఫైళ్ళుగానూ ఇమేజ్‌గానూ రెండూ తీయొచ్చు. నా మూడు డబ్బాల బొమ్మకి అచ్చంగా సరిపోయింది. ఫైర్‌వాల్‌లో బ్యాకప్ మెషిన్ వైపు బయటి నుంచి వచ్చేవన్నీ మూసేసి నా ఒక్క కంప్యూటర్ నుంచి వెబ్ పేజీ, దూరం నుంచి కమాండ్లు ఇచ్చే ఎస్ఎస్‌హెచ్ మాత్రం వదిలా.

మొదటి ఫుల్ బ్యాకప్ మొదలుపెడితే స్పీడ్ సెకనుకి 11 ఎంబీ దగ్గర నిలబడిపోయింది. ఆ అంకె చూడగానే 100 ఎంబీపీఎస్ లింక్ అని తెలిసిపోతుంది, స్విచ్ చూస్తే నిజంగానే ఆ పోర్ట్ 100 దగ్గర కలిసింది. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ బాగుండాలి, 100కి రెండు జతలు చాలు, గోడలోంచి వచ్చిన కేబుల్‌లో ఒక జత తెగి ఉంది. ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి కాబట్టి అలాంటిది మామూలుగా ఎవరూ గమనించరు. కేబుల్ మార్చాక 110 దాకా వచ్చింది. తేడా ఎంతంటే 2 టీబీకి ఒక దాంట్లో రెండు రోజులకి పైగా, ఇంకో దాంట్లో ఐదు గంటలు. చిన్న చిన్న ఫైళ్ళు లక్షల్లో ఉన్న ఫోల్డర్ల దగ్గర ఎలాగూ తగ్గుతుంది, కానీ సర్వర్ పోయిన రోజు తిరిగి రావడానికి పట్టే టైమ్ కూడా ఈ అంకె మీదే ఉంటుంది కాబట్టి ఎక్కడ పెట్టాలి అనే ప్రశ్నలో మధ్యలో ఉన్న తీగ కూడా భాగమే. మెషిన్‌ని సర్వర్ ర్యాక్‌లో పెట్టకుండా ఆఫీస్ అవతలి చివర గదిలో వేరే యూపీఎస్ మీద పెట్టా, ర్యాక్ పైనుండే ఏసీ నుంచి నీళ్ళు కారినా రెండూ తడవవు.

తర్వాత నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన పని, రీస్టోర్ చేసి చూడటం. ఒక ఫైలు తీస్కురావడం తేలిక. అకౌంట్స్ మేడమ్‌ని అడిగా, "మేడమ్, మీ ఫోల్డర్ ఒకటి వేరే చోట దింపా, తెరుచుకుంటుందా, మిగతావాళ్ళకి కనపడకుండా ఉందా చూస్తారా" అని, ఆవిడ ఓపిగ్గా చూసి పెట్టారు, పర్మిషన్లు సరిగ్గానే వచ్చాయి. అసలు పరీక్ష సెలవు రోజు చేశా, ఫైల్ సర్వర్, డొమైన్ కంట్రోలర్ రెండూ నెట్‌వర్క్ నుంచి తీసేసి, ఖాళీ మెషిన్ ఒకటి పెట్టి, బ్యాకప్ మెషిన్ ఒక్కటే ఉంటే పని జరుగుతుందా అని. ఇక్కడ బయటపడింది ఒక మంచి విషయం, బ్యాకప్ మెషిన్ పేర్లు వెతుక్కోడానికి డీఎన్ఎస్ కోసం డొమైన్ కంట్రోలర్ వైపే చూస్తోంది, అది లేకపోయేసరికి పేరుతో ఏదీ దొరకడం లేదు. వెంటనే ముఖ్యమైన మెషిన్లన్నిటినీ ఐపీ అడ్రస్‌తో రాసిపెట్టా. టైమ్ కూడా బయటి ఎన్‌టీపీ (టైమ్ చెప్పే) సర్వర్ నుంచి నేరుగా తీసుకునేలా మార్చా. మెషిన్‌ని బూట్ చేసి రీస్టోర్ మొదలుపెట్టే రికవరీ ఐఎస్ఓ ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్, పాస్‌వర్డ్‌లు, ఏ క్రమంలో ఏం చేయాలి అనే కాగితం, ఈ మూడూ ఒక కవర్లో పెట్టి సర్‌కి ఇచ్చా, నేను లీవులో ఉన్నా ఇంకొకరు చేయగలగాలి కదా.

అలర్ట్‌ల విషయంలో గిట్‌ల్యాబ్ వాళ్ళ అనుభవమే పాటించా. ఫెయిల్ అయితే మెయిల్ వచ్చేలా పెడితే ఆ మెయిలే రాకపోతే మనకి అంతా బాగున్నట్టే ఉంటుంది. అందుకని రోజూ పొద్దున్నే "నిన్న రాత్రి ఇన్ని ఫైళ్ళు, ఇంత సైజు" అని రిపోర్ట్ వస్తుంది, నాకూ, నెట్‌వర్క్ కుర్రాడికీ. రాని రోజు ఎవరో ఒకరం వెళ్ళి చూస్తాం.

ఇంకా బ్యాకప్ మెషిన్ కూడా ఒకే బిల్డింగ్‌లో ఉంది కదా అని అడుగుతారు, నిజమే. దానికోసం రెండు యూఎస్‌బీ డిస్కులు మార్చి మార్చి బ్యాకప్ మెషిన్‌కే తగిలిస్తున్నాం, ఫైల్ సర్వర్‌కి కాదు, ఒకటి ఎప్పుడూ తీగ లేకుండా బయట ఉంటుంది. తగిలించి ఉన్నదాంట్లోకి వారానికోసారి కాపీ పోతుంది, అది అయ్యాక కుర్రాడు డిస్కు మార్చి చిట్టీ మీద తేదీ రాస్తాడు. రోజువారీ మార్పుల్ని ఎన్‌క్రిప్ట్ చేసి క్లౌడ్‌కి పంపడం ఇప్పుడు పరీక్షిస్తున్నా, అదీ బ్యాకప్ మెషిన్ నుంచే పోతుంది కాబట్టి ఫైల్ సర్వర్ మీద కొత్తగా వేయాల్సిందేమీ లేదు. ఇమేజ్‌ని వేరే మోడల్ హార్డ్‌వేర్ మీదకి దింపితే స్టోరేజ్ డ్రైవర్ దగ్గర ఎంతవరకు ఇబ్బంది వస్తుందో చూడటం ఒక్కటి మిగిలింది, దానికి సరిపడే ఖాళీ మెషిన్ దొరగ్గానే చేస్తా.